మీగడ రంగు తానులో ఎర్ర ముడి

దగ్గరికి జరగండి, ఇంకాస్త దగ్గరికి. పొయ్యి మీద ఏదైనా ఉంటే దించేసి రండి. ఈ వారం కథ సన్నటి ఉన్ని బట్ట లాంటిది, తొందరపడి లాగితే చేతిలోంచి జారిపోతుంది. నేను నెమ్మదిగా చెబుతాను, మీరూ నెమ్మదిగా వినండి.

పోయిన వారం మన బిందుమాధవిని ఎక్కడ వదిలామో గుర్తుందా? లీడ్స్‌కి పది మైళ్ల అవతల, ఏటి ఒడ్డున, థార్న్‌లీ వారి ఉన్ని మిల్లులో, పై అంతస్తులో, ఉత్తరపు కిటికీ కింద నిలబెట్టి వదిలేశాం. ఆమె చీరాల పిల్ల, మగ్గం గుంట పక్కనే పాకడం నేర్చిన పిల్ల. మొగుడు అచ్యుత్ పొద్దున్నే కంప్యూటర్ ఉద్యోగానికి వెళ్లిపోతే, ఫ్లాట్‌లో నాలుగు గోడలతో ఎంతకని మాట్లాడుతుంది? వెళ్లి ఈ మిల్లులో మెండింగు పనికి చేరింది. మెండింగు అంటే ఏముంది, మగ్గం దిగిన తానుని వాలు బల్ల మీదికి లాక్కుని వేళ్ల కొసలతో వెతుక్కోవడం. ఒక పోగు తెగి ఉంటుంది, ఒకటి దాటి ఉంటుంది, ఒక చోట ముడి పడి ఉంటుంది. కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. తెలిసిన చోట సూదితో మళ్లీ నేసినట్టే సర్దేయాలి. మిల్లులో ఆ పని తెలిసిన వాళ్లు మిగిలింది ముగ్గురు నలుగురే. వాళ్లందరికీ పెద్ద మోరీన్ అనే ఆవిడ. నలభై ఒక్కేళ్లుగా అదే కిటికీ కింద, అదే స్టూలు మీద కూర్చుంటోంది.

అప్పుడు రెండువేల పదహారు, అక్టోబరు నెల. జూన్‌లో ఈ దేశం వాళ్లు ఓట్లేసి యూరప్‌తో పొత్తు చాలనుకున్నాక పౌండు విలువ పడిపోయింది. ఏటా బట్ట కొనే ఇటలీ వాళ్లు, ముందు మీ సంగతి తేల్చుకోండి, తర్వాత చూద్దాం అని చేతులు కట్టుకున్నారు. అటు చమురు ధర కూడా పడింది కదా, అరబ్బు దేశాల వర్తకులూ ఆ ఏడు రాలేదు. వచ్చినవాడు ఒకే ఒక్కడు, కువైట్ నుంచి హాజీ జాసిం. చలికాలంలో అక్కడి మగవాళ్లు తొడుక్కునే పాదాల దాకా పొడుగు అంగీల కోసం ఇరవై నాలుగు తానులు అడిగాడు. ఈ ఇరవై నాలుగూ నచ్చితే వేసవి దాకా మగ్గాలకు పని ఇస్తానన్నాడు. నచ్చకపోతే శుక్రవారంతో మగ్గాలు ఆపేస్తానని కుర్ర యజమాని రాబర్ట్ థార్న్‌లీ అందరినీ కింద నిలబెట్టి మరీ చెప్పాడు.

ఆ హాజీ స్వయంగా వచ్చాడు. మొదటి తాను విప్పి, కళ్లు మూసుకుని, అంచు వెంట చెయ్యి జరుపుకుంటూ వెళ్లాడు. చివర జానెడు ఉందనగా ఆ చెయ్యి ఆగింది. మీగడ రంగు బట్ట అంచులో బియ్యపు గింజంత ఎర్ర ముడి. రెండో తాను విప్పాడు. అక్కడా ఉంది. మూడోదీ విప్పాడు. అదీ అంతే. అక్కడే కదా ఆపాను.

కింద అంతస్తులో మగ్గాల చప్పుడు పైకి వస్తోంది, చెవికి కాదు, పాదాలకి. కిటికీ బయట పొగమంచు ఏటి మీంచి లేచి గాజుకి ఆనుకుని నిలబడింది. లోపల బల్లల మీద తెల్లగా బట్ట, బయట తెల్లగా మంచు. ఏది గది, ఏది ఆకాశమో తెలియనట్టు ఉంది బిందుమాధవికి. తనేదో కలలో నిలబడినట్టు, ఆ కలలో ఒక ఎర్ర చుక్క తన వైపే చూస్తున్నట్టు అనిపించింది.

"ఇది మగ్గం తప్పు కాదు మిస్టర్ థార్న్‌లీ," అన్నాడు హాజీ. గొంతు పెంచలేదు. "మగ్గం తప్పు ఒక్కో తానులో ఒక్కో చోట వస్తుంది. మూడింట్లోనూ ఒకే చోట వచ్చిందంటే ఇది మనిషి చెయ్యి."

థార్న్‌లీ మొహం బల్ల మీది బట్ట కంటే పాలిపోయింది. "మోరీన్, ఏమిటిది?"

మోరీన్ కళ్లజోడు సర్దుకుంది. "నా గదిలోంచి పోయిన బట్టకి నేనే జవాబు చెప్పాలి, రాబర్ట్. ఏదైనా అనాలంటే నన్ను అను."

చూడండి, అక్కడ బిందుమాధవి నోరు మూసుకుని ఉంటే మూసుకుని ఉండొచ్చు. పెద్దావిడ అడ్డంగా నిలబడింది, యజమానికి ఆవిడంటే గౌరవం. కానీ ఇంకొకరి నెత్తి మీదికి నెట్టి నిలబడే రకం కాదు మన పిల్ల. ఏప్రన్ జేబులోంచి చేతులు తీసి ఒక అడుగు ముందుకు వేసింది.

"నేనే కట్టాను సర్. అన్నింటికీ నేనే కట్టాను."

"ఎందుకు?" అన్నాడు థార్న్‌లీ.

ఎందుకంటే ఏం చెబుతుంది! ఉన్న ఇంగ్లీషంతా గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. "కన్ను కోసం సర్. కన్ను పడకుండా," అంది. థార్న్‌లీ తన కళ్లనే ఒకసారి తుడుచుకున్నాడు పాపం. అతనికి ఏం అర్థమవుతుంది?

హాజీ మాత్రం ఆమె వైపు తిరిగాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి. పలచటి గడ్డం, నల్ల కోటు, చేతిలో ఖర్జూరం గింజ రంగు జపమాల. ఉన్నట్టుండి పాత బొంబాయి హిందీలో అడిగాడు, "బేటీ, నీకు హిందీ వచ్చా?"

వచ్చు అన్నట్టు తల ఊపింది. తెల్లవాళ్లిద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నా చిన్నతనంలో మూడేళ్లు మా నాన్న నన్ను బొంబాయిలో ఉంచాడు. మాట ఇంకా పోలేదు," అన్నాడు. "ఇప్పుడు చెప్పు. ఈ బట్టలో ఒక తాను ఎవరికి పోతుందో తెలుసా నీకు? నా మనవడి పెళ్లికి. మా వైపు, ఒకరి బట్టలో దాచిన ముడి దొరికిందంటే అర్థం ఏమిటో తెలుసా? ఆ ఇంటికి ఎవరో కీడు తలపెట్టారని. ముడి వేసి, మంత్రం ఊది, గుడ్డలో దాచి పంపారని. మా ఆడవాళ్లకి ఇది ముందు కనపడి ఉంటే ఆ అంగీ పెళ్లికొడుకు ఒంటి మీదికి పోనిచ్చేవారు కాదు. పెళ్లే ఆపేసేవారేమో. నువ్వు ఎవరివో నాకు తెలియదు. నా మనవడు నీకేం చేశాడు?"

కాపాడమని కట్టిన దారం ఇంకో ఇంట్లో కత్తిలాగా కనపడుతుందని బిందుమాధవి కలలోనైనా అనుకోలేదు.

"అయ్యో, కాదు హాజీ సాబ్, కాదు! మా ఇంట్లో అది కీడుకి కట్టేది కాదు, కీడు పోవడానికి కట్టేది," అంది. ఇక ఆగలేదు, హిందీలో తడబడుతూనే చెప్పుకుంటూ పోయింది. "మా అమ్మమ్మ వరలక్ష్మి నేసేది. మగ్గం మీద ఏ తప్పూ లేకుండా ఒక బట్ట దిగిందనుకోండి, ఆవిడ సంబరపడేది కాదు, దిగులుపడేది. ఇంత బాగుంటే చూసినవాళ్ల కన్నంతా దీని మీదే ఉంటుందే పిల్లా అనేది. కోసేముందు అంచులో ఒక ఎర్ర పోగు ముడేసేది. ఊళ్లో ఇంకెవరూ కట్టేవాళ్లు కాదు, మా ఇంట్లోనే. మా అమ్మా కట్టింది, నేనూ కట్టాను."

"ఈ మిల్లులో అన్నింటికీ కడతావా?"

"లేదు. నాలుగేళ్లలో ఎప్పుడూ కట్టలేదు. ఈ ఇరవై నాలుగింటికే. వీటిలో వెతకడానికి నాకు తప్పే దొరకలేదు హాజీ సాబ్. తాను తర్వాత తాను, నీళ్ల మీద చెయ్యి పెట్టినట్టే ఉంది. వీటి మీదే కదా అందరి అన్నం. భయమేసింది. కట్టేశాను."

హాజీ వేళ్లు జపమాల మీద ఆగాయి. "ఏ ఊరు మీది?"

"చీరాల. మీకు తెలియదు. మద్రాసు నుంచి పైకి వస్తే సముద్రం పక్కన."

"నేతగాళ్ల ఊరా?"

"ఒకప్పుడు మా తాతలు మీ వైపు వాళ్ల కోసమే నేసేవాళ్లంట. ఎర్ర రుమాళ్లు. నూలుని నూనెలోనూ బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి అద్దేవాళ్లు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ నూనె వాసన పోయేది కాదు. మా తాత చేతులు ఆఖరి దాకా ఎర్రగానే ఉన్నాయి."

హాజీ వెనక్కి తిరిగి చూశాడు, కుర్చీ కోసం. మోరీన్ తన స్టూలు జరిపింది. ఆయన దాని మీద కూర్చుని, రెండు చేతులూ బట్ట మీద పరిచి, కళ్లు మూసుకున్నాడు. పొగమంచు కిటికీ ఒక గాజు వదిలి ఇంకో గాజు దగ్గరికి జరిగింది.

"మా నేలలోని చమురు ఇంకా ఓడలెక్కని రోజులు," అన్నాడు కళ్లు తెరవకుండానే. "మా నాన్నకి కొయ్య పడవ ఉండేది, తెరచాప పడవ. ఖర్జూరాలు వేసుకుని బొంబాయి వెళ్లేవాడు. వచ్చేటప్పుడు టేకు దూలాలు, బియ్యం, టీ, బట్ట. పడవ వస్తోందని తెలిస్తే ఊరంతా ఒడ్డుకి పరిగెత్తేది. నాకు ఆరేళ్లు. నీళ్లలో నడుముదాకా దిగి నిలబడ్డాను. నాన్న నన్ను ఎత్తి భుజం మీద పెట్టుకున్నాడు. ఆయన తలకి ఎర్ర రుమాలు. దానిలో మొహం పెట్టాను. ఉప్పు వాసన, చెమట వాసన, వాటి కింద ఇంకో వాసన. నూనె వాసన. డెబ్బై ఏళ్లు అయింది. ఎన్ని అత్తరు దుకాణాలు తిరిగానో, ఎవడూ ఆ సీసా ఇవ్వలేదు. అది ఏ ఊరి వాసనో నాకు ఈ రోజు తెలిసింది."

బిందుమాధవి కళ్ల ముందు బల్ల మీది మీగడ రంగు బట్ట మెల్లగా కదిలింది. కిటికీ గాలే కావచ్చు. ఆమెకు మాత్రం అది సముద్రమే. చీరాల వాడరేవులో పొద్దున్నే పాలలాగా ఉండే సముద్రం. దాని మీద తాత ఎర్ర చేతులు, ఒక తెరచాప, నడుముదాకా నీళ్లలో ఒక అరబ్బు పిల్లవాడు. వాళ్లందరూ ఈ యార్క్‌షైర్ చలిలో, ఈ ఏటి ఒడ్డున, ఒక్క గుడ్డ మీద ఎలా కలిశారో! అప్పుడు వాళ్ల ఊరి బట్ట అరబ్బు తలల మీదికి పోయింది. ఇప్పుడు తెల్లవాళ్ల బట్ట, వాళ్ల ఊరి పిల్ల చేతుల మీదుగా, అరబ్బు భుజాల మీదికి పోతోంది. మధ్యలో ఎన్ని రాజ్యాలు పోయాయో, ఎన్ని ఓట్లు వేశారో, పోగు మాత్రం తెగలేదు.

"ఏమంటున్నాడు?" అన్నాడు థార్న్‌లీ మెల్లగా.

"వాళ్ల నాన్న గురించి చెబుతున్నారు సర్," అంది.

"అది మంచిదా, చెడ్డదా?"

"తెలియడం లేదు సర్."

హాజీ కళ్లు తెరిచాడు. తెరిచేసరికి ఆ పిల్లవాడు లేడు, మళ్లీ వర్తకుడే కూర్చున్నాడు. ఈసారి అందరికీ తెలిసేలా ఇంగ్లీషులోనే అన్నాడు. "ఈ అమ్మాయి కీడు తలపెట్టలేదని నాకు నమ్మకం కుదిరింది. కానీ ముడులు ఉన్న బట్ట నేను తీసుకోను. నా నమ్మకం నాది, మా ఇంటి ఆడవాళ్ల భయం వాళ్లది. మూడింటికి వ్యాను వస్తుంది. ఆ లోపల ఇరవై నాలుగు తానులూ విప్పి, తను కట్టినవి తన చేత్తోనే తీసేయాలి. ఆ ముడులు ఇంకొకరు ముట్టుకోకూడదు. తీశాక ఇంకెక్కడా లేవని మాట ఇవ్వాలి. నేను అద్దం పెట్టుకుని గజం గజం వెతకను. ఆమె మాట మీదే తీసుకుంటాను. ఆ మాట అబద్ధమని మా ఊళ్లో తేలితే మాత్రం, మిస్టర్ థార్న్‌లీ, నేనే కాదు, మా బజారులో ఏ దుకాణమూ మీ గడప తొక్కదు."

"మాట ఇస్తున్నాను హాజీ సాబ్," అంది బిందుమాధవి. "తానుకి ఒకటే. ఇరవై నాలుగు. ఇంకెక్కడా లేవు. నా చేతుల మీద ఒట్టు."

థార్న్‌లీ ఆమె పక్కనుంచి వెళుతూ, "ముందు పని కానివ్వు, నీ సంగతి తర్వాత మాట్లాడదాం," అన్నాడు. తర్వాత మాట్లాడదామంటే ఏమిటో ఆమెకు తెలుసు. అచ్యుత్‌కి ఫోన్ చేద్దామా అనుకుంది, మళ్లీ వద్దనుకుంది. మీటింగులో ఉన్న మొగుడికి చెప్పి చేసేది ఏముంది, అతను కూడా కంగారు పడడం తప్ప!

పనికి కూర్చుంది. తానులు విప్పి అందించడానికి కింద ప్యాకింగులోంచి సులోచన వచ్చింది. సులోచనది ప్రొద్దుటూరు. ఈమె కంటే నాలుగేళ్లు పెద్ద, నోరు నలభై ఏళ్లు పెద్ద.

"ఏమ్మే బిందూ, నువ్వు చేసిన పని నీకేమన్నా బాగుందా?" అంటూనే వచ్చింది, తాను భుజాన వేసుకుని. "దిష్టి తీయాలంటే ఇంట్లో ఉప్పు తిప్పుకోవాల గానీ, కువైట్ వాళ్ల గుడ్డకు తీస్తారామే యాడన్నా?"

"ఊరుకో అక్కా. ఇప్పటికే ఏడుపొస్తంది."

"ఏడ్చుకో, ఏమైతాది. ఆ గుడ్డ మీద పడకుండా మాత్రం ఏడువు, మరక పడితే మళ్లా అదొకటి." తాను బల్ల మీద దొర్లించింది. "మాది కూడా మగ్గాల ఊరే గదా. మా అవ్వ ఇట్లాంటివి ఏమీ పెట్టలా. ఏ తప్పూ లేని బట్ట ఆమె ఎప్పుడూ నేస్తే గదా, దిష్టి తగిలేదానికి!"

బిందుమాధవికి నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే మొదటి ముడి ఊడింది. చిమటాతో పట్టుకుని, రెండు నిలువు పడుగు పోగుల కిందనుంచి తప్పించి, లాగింది. ఎర్ర పోగు వానపాములా మెలిక తిరిగి బయటికి వచ్చింది. ఆ చోటు వేలితో రుద్దితే ఏమీ లేనట్టే ఉంది. రెండోది. మూడోది. తీసిన పోగులు ఒక సాసరులో వేస్తోంది. ఒక్కోటి తీస్తుంటే అమ్మమ్మ చేతి గాజులు ఒక్కోటి తీసేస్తున్నట్టుంది ఆమెకు. తప్పు చేస్తున్నానా, తప్పు దిద్దుకుంటున్నానా? ఏమో. ఒకచోట కాపలా అయినది ఇంకోచోట కత్తి అవుతుంటే, చేతికి ఎవరు చెబుతారు?

"నన్ను పనిలోంచి తీసేస్తాడు కదక్కా," అంది పదో తాను దగ్గర.

"తీసేస్తే తీసేస్తాడు. ఈ బట్ట పోకుంటే మాత్రం అందర్నీ తీసేస్తాడు. మా ఆయనకు కాంట్రాక్టు అయిపోయి రెండు నెలలాయె. కౌన్సిల్ ట్యాక్స్ కట్టమని కాగితం వస్తే ఫ్రిజ్ మీద పెట్టి దాని మీద అరటిపండ్లు పెట్టినా, కనపడకుండా." సులోచన గొంతు తగ్గించింది. "నీ మీద నాకు కోపం లేదులేమే. తొందరగా కానీ."

మధ్యాహ్నం అయింది. హాజీ నమాజు చేసుకోవాలన్నాడు. పక్కన శాంపిళ్ల గదిలో గోడ మీద పెన్సిలుతో గీసిన చిన్న బాణం ఉంది. థార్న్‌లీ తాత గీయించాడట, అరబ్బు బేరగాళ్లు వస్తే ఏ దిక్కుకి తిరగాలో వెతుక్కోకుండా. సున్నాలు ఎన్నిసార్లు వేసినా ఆ బాణం చుట్టూ వేసుకుంటూ వచ్చారు. హాజీ కోటు విప్పి, ఒక ముక్క బట్ట పరుచుకుని, ఆ బాణం వైపు నిలబడ్డాడు. తలుపు సందులోంచి ఆయన వంగడం, లేవడం బిందుమాధవికి కనపడింది. మగ్గం మీద నాడె అటూ ఇటూ పోతున్నట్టు, ఆ మనిషి నేలకీ ఆకాశానికీ మధ్య ఏదో నేస్తున్నట్టు ఉంది.

మోరీన్ టీ తెచ్చింది. "తాగు, లవ్," అంది. ఆ ఊరి వాళ్లు పాలవాడినీ బస్సు డ్రైవర్నీ కూడా అలాగే పిలుస్తారు, కానీ మోరీన్ పిలిస్తే అందులో నిజంగానే ఏదో ఉండేది. "ఎన్ని మిగిలాయి?"

"ఒకటే."

"అది నేను తీసిపెడతాను. నీ కళ్లు ఎర్రబడ్డాయి. లే, కాస్త గాలి పీల్చుకుని రా."

"వద్దు మోరీన్. నా చేత్తోనే తీస్తానని మాట ఇచ్చాను కదా. ఇంకొకరు ముట్టుకోకూడదన్నారు."

మోరీన్ ఏదో అనబోయి, కిటికీ వైపు తిరిగింది.

ఇరవై నాలుగో తాను అంచు ముడి కూడా ఊడింది. సాసరులో ఇరవై నాలుగు ఎర్ర పోగులు, కుంకుమ చల్లినట్టు. సులోచన ఊపిరి వదిలి తాను చుట్టబోయింది. అప్పుడే హాజీ నమాజు ముగించుకుని వచ్చాడు. మొహం కడుక్కున్న పిల్లవాడి మొహంలా ఉంది.

"దీన్ని చుట్టకండి," అన్నాడు. "ఇది నా మనవడికి. వెతకడానికి కాదు, ఊరికే చూసుకుంటాను. మొత్తం పరచండి."

పరిచారు. సులోచన ఒక వైపు లాగుతుంటే, తాను వాలు బల్ల మీంచి జారి, దిగువన నేల మీద పరిచిన దుప్పటి మీదికి మడతలు మడతలుగా పడుతోంది. అరవై గజాలు. ఏటి మంచు లోపలికి వచ్చి బట్ట అయినట్టు. హాజీ కిటికీ దగ్గర నిలబడ్డాడు, ఆ పారే తెలుపుని చూస్తూ. కాసేపటికి చూపు బయటికి పోయింది, ఏటి మీదికి. ఆ నీళ్ల మెత్తదనంలో తడవకపోతే ఉన్నికి ఈ జారుడు రాదని, మా దగ్గర అన్నీ ఉన్నాయి గానీ ఈ నీళ్లు లేవని థార్న్‌లీతో అంటున్నాడు. ఇంకా కొంటాననీ, వేసవికి పలచటిది కావాలనీ అన్నాడు. థార్న్‌లీ ఆ రోజు మొదటిసారి నవ్వాడు. కింద వాకిట్లో వ్యాను వచ్చి ఆగిన చప్పుడు వినపడింది.

బిందుమాధవి వేళ్లు ఊరికే ఉండలేవు కదా. నాలుగేళ్ల అలవాటు. కదిలిపోతున్న బట్ట మీద అలా ఆనించి ఉంచింది, ఏటి ఒడ్డున కూర్చుని నీళ్లలో చెయ్యి వదిలినట్టు. ఇరవై గజాలు. ముప్పై గజాలు. నీళ్లు, నీళ్లు, నీళ్లు.

వేలికి ఏదో తగిలింది.

"ఆగక్కా," అంది.

సులోచన ఆగింది. బిందుమాధవి బట్ట తిరగేసింది. తాను నడిమధ్యన, అంచున కాదు, సరిగ్గా వీపు మీదికి వచ్చే చోట, లోపలి వైపు, ఒక ఎర్ర ముడి.

ఆమెది కాదు. ఆమె ముడి రెండు పోగుల కిందనుంచి మెలిక తిరిగి ఉంటుంది. ఇది పార్సిల్‌కి కట్టినట్టు అడ్డంగా, బిగించి కట్టిన ముడి. చూసి నేర్చుకున్న చెయ్యి, సరిగ్గా రాని చెయ్యి. కానీ దాని కొస! ఆ కొసని పడుగులోకి ఎంత అందంగా దాచారంటే, వేలికి తప్ప దొరకదు. ఆ దాచే కుట్టు మిల్లులో ఇద్దరికే వచ్చు. ఒకరు బిందుమాధవి. రెండోవాళ్లు ఆమెకు ఆ కుట్టు నేర్పినవాళ్లు.

తల ఎత్తింది.

మోరీన్ ఆమెనే చూస్తోంది. గోడకి ఆనుకుని, కప్పు గుండెలకి పట్టుకుని. బిందుమాధవికి అప్పుడు గుర్తొచ్చింది. నెల కిందట టీ బ్రేక్‌లో ఆవిడ, ఆ ఎర్ర దారం దేనికని అడిగింది. దీనికి ఏ కీడూ జరగకుండా అని తను చెప్పింది. నిజంగా పనిచేస్తుందా అని మోరీన్ అడిగింది. మా అమ్మమ్మకి పనిచేసింది అని తను నవ్వింది. పదహారేళ్ల వయసులో ఈ గదిలోకి వచ్చి, ఈ కిటికీ తప్ప ఇంకో కిటికీ ఎరగని మనిషి, మగ్గాలు ఆగిపోతాయన్న భయంతో, దేవుళ్లెవరో తెలియని ఇంకో దేశపు దారాన్ని పట్టుకుని, రాని ముడి వేసుకుని దండం పెట్టుకుంది.

సులోచన కూడా చూసింది ముడిని. చూసి, తెలుగులో, పెదవులు కదలకుండా అంది, "కప్పేయ్ మే. కప్పేసి చుట్టేయ్. ఆయన చూడలే."

నిజమే, ఆయన చూడలేదు. ఏటి వైపు తిరిగి ఉన్నాడు. చిమటా చేతిలోనే ఉంది. ఒక్క లాగుడు, అయిపోతుంది. కానీ ఆయన ఏమన్నాడు? నువ్వు కట్టినవి నువ్వే తియ్యి, ఇంకెక్కడా లేవని మాట ఇవ్వు అన్నాడు. ఇంకోటి ఉంది. ఇది తీసినా మిగతా ఇరవై మూడింటి నడుముల్లో ఏముందో ఎవరికి తెలుసు? వాటిని చివరల దగ్గరే విప్పింది తను. చెబితే మోరీన్ ఏమవుతుంది? నలభై ఒక్కేళ్లు. చెప్పకపోతే, ఆ బట్ట ఒక పెళ్లికొడుకు వీపు మీదికి పోతుంది. ఏదో ఒక రోజు ఒక తల్లి ఉతికేటప్పుడు ఆమె వేలికి తగులుతుంది. ఆ తల్లి ఆ రాత్రి నిద్రపోదు. ఇక ఆ తర్వాత ఏ రాత్రీ నిద్రపోదు.

కిందనుంచి వ్యాను డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

బిందుమాధవి చిమటా బల్ల మీద పెట్టేసింది.

"హాజీ సాబ్," అంది హిందీలో. తన గొంతు తనకే దూరంగా, నీళ్ల అవతలనుంచి వస్తున్నట్టు వినపడింది. "నేను మీకిచ్చిన మాట తప్పు. తెలియక ఇచ్చాను. ఈ తానులో ఇంకో ముడి ఉంది. నేను కట్టింది కాదు."

ఆయన కిటికీ వదిలి వచ్చాడు. వంగి, ముడి మీద వేలు పెట్టాడు. కోపం లేదు మొహంలో, అదే భయంగా ఉంది చూడటానికి. థార్న్‌లీ నవ్వు ఎక్కడిది అక్కడే ఆగిపోయింది.

"మరి ఎవరిది, బేటీ?" అని అడిగాడు హాజీ జాసిం.

ఆ ప్రశ్న మాత్రం ఇంగ్లీషులో అడిగాడు. గదిలో అందరికీ అర్థమైంది. గోడ దగ్గర మోరీన్ కప్పు కింద పెట్టి, కళ్లజోడు తీసి, మడిచి, బల్ల మీద పెట్టింది.

ఈ వారానికి ఆ తెల్ల బట్ట మీద ఆ ప్రశ్నని అలాగే పరిచి ఉంచుతున్నాను. జవాబు మీరు ఊహించుకుంటారు, పక్కింటావిడ ఇంకోలా ఊహిస్తుంది, ఊహించుకోండి. ఒక్కటి మాత్రం జ్ఞాపకం పెట్టుకుని, ఈ కథ విననివాళ్లకి చెప్పేటప్పుడు పొరపాటు లేకుండా చెప్పండి. అడిగితే చెప్పిందని కొందరు అంటారు. కాదు. హాజీ ఏటి వైపు తిరిగి ఉన్నాడు, వ్యాను వాకిట్లో ఉంది, ఎవరూ ఏమీ అడగలేదు. అడగకముందే చెప్పింది.